ఆకు – పురుగు – అడవి



పెరటిలో నిమ్మచెట్టుగాని కరివేపచెట్టుగాని గల ప్రతి గృహిణియు నెఱిగిన విషయ మొకటి కలదు. చెట్టు క్రొత్త చిగురు వేసిన కొలది దినములకే పిట్టరెట్టవలె గనబడు నొక చిన్న పురుగు ఆకుపై జేరును. మఱి కొన్ని దినములకు అదియే పచ్చని బొద్దుపురుగై, పుల్లతో దాకినచో తలవెనుకనుండి నారింజవన్నె కొమ్ములను వెలికి జాచి ఘాటైన వాసన గొట్టును. తాళింపునకు నాలుగు రెబ్బలు కోయబోయిన యిల్లాలికి బోసి యీనెలు కనబడును. విసుగుతో నామె పురుగును దులిపివేయును. దులుపక విడిచినచో నది కొమ్మ నంటుకొని కొంతకాలము కదలక మెదలక యుండి, తుదకు నలుపు పసుపు కలసిన రెక్కలతో సీతాకోకచిలుకయై యెగిరిపోవును.

రెండు మూడు పురుగులకే యొక కొమ్మ బోసిపోవుచున్నది గదా. ఇట్టి పురుగులలో పెక్కు జాతులు వందలకొలది గ్రుడ్లు పెట్టునవి. ఆ లెక్కను లోకమునందలి చెట్లన్నియు నెన్నడో మోడులై పోవలసినది. అట్లేల కాలేదు? లోక మేల యింకను పచ్చగా నున్నది? ఇది పసిపిల్ల లడుగు ప్రశ్నవలె దోచును. కాని హేర్‌స్టన్, స్మిత్, స్లోబోడ్కిన్ అను మువ్వురు అమెరికా శాస్త్రజ్ఞులు 1960వ సంవత్సరమున నీ ప్రశ్ననే చర్చించి యొక చిన్న వ్యాసము వ్రాయగా, దానిపై వాదోపవాదములు నేటికిని సాగుచున్నవి. అడవులు తునాతునక లగుచున్న యీ కాలమున నా ప్రశ్న పండితుల గోష్ఠికి మాత్రమే చెందినది కాదు. మన బిడ్డలకు నీడ నిచ్చు చెట్లు మిగులునా, మిగులవా యను సంగతి దానిలో నిమిడియున్నది.

ఆకునకును పురుగునకును గల పొత్తు

ప్రతి పురుగును ప్రతి యాకును తినదు. పైన జెప్పిన నిమ్మపురుగు నిమ్మ, నారింజ, కరివేప, మారేడు మొదలగు నొక్క కుటుంబమునకు జేరిన చెట్లపైననే బ్రదుకును. దానిని దెచ్చి బచ్చలితీగపై వేసినచో నాకలితో జచ్చునుగాని తినదు. తల్లి సీతాకోకచిలుక గ్రుడ్డు పెట్టుటకు ముందు తన కాళ్లతో నాకును దట్టి దాని రుచి చూచును. బిడ్డకు సరిపడు నాకని నిశ్చయమైన పిమ్మటనే గ్రుడ్డు పెట్టును. వంటయింటిలో నుప్పు చూచు తల్లి కీ జాగ్రత్త యెట్టిదో వేఱుగ జెప్ప నక్కరలేదు.

చెట్టు మాత్ర మూరకుండునా? పరుగెత్తి పోలేని జీవము గనుక తన యాకులోనే యాయుధములు దాచుకొనును. జిల్లేడు పాలను, వేప చేదును, తులసి వాసనను, మఱికొన్ని వగరును, ముండ్లను, నూగును ధరించును. సామాన్యముగ పురుగులు వీనికి జడిసి తొలగిపోవును. కాని యుగయుగములుగా నొక్క చెట్టునే నమ్ముకొనిన పురుగులు ఆ విషమును సహింప నేర్చుకొన్నవి. జిల్లేటిపై బ్రదుకు చారల పురుగు ఆ విషమును తన మేన నిలుపుకొని, సీతాకోకచిలుక యైన పిదపగూడ దానిని విడువదు. ఒకసారి తిని వాంతి చేసికొనిన పక్షి మఱల దాని జోలికి బోదు.

ఇట్లు ఒక చెట్టునో, ఒక చెట్టు కుటుంబమునో మాత్రమే నమ్ముకొని యుండు పురుగులు కొన్ని. వీనిని ఏకాశ్రయములని పిలుతము. దొరికిన యాకు నెల్ల తినునవి మఱికొన్ని. వీనిని బహుభక్షకములని పిలుతము. పెరటిలోగాని యడవిలోగాని యీ రెండు తెగలును గలవు. అడవి తునిగినప్పుడు ఈ రెండు తెగలకును ఒకే గతి పట్టదు. ఈ భేదమును పాఠకురాండ్రు మనసున నుంచుకొన గోరెదను. ముందు చెప్పబోవు విషయమున కిదియే తాళపుచెవి.

మూడవ పక్షము

చెట్టు, పురుగు అను రెండు పక్షములతో కథ ముగియదు. పురుగును దిను వారు మూడవ పక్షము. పిచ్చుకలు, గొరవంకలు, తొండలు, సాలెపురుగులు, చీమలు, కందిరీగలు దినమంతయు ఆకుల సందుల వెదకుచునే యుండును. వీనికంటె చిత్రమైనవి కొన్ని చిన్న యీగలును కందిరీగలును. ఇవి పురుగు మేనిలోనో, మేనిపైననో గ్రుడ్లు పెట్టును. గ్రుడ్డులోనుండి వెలువడిన పిల్ల ఆ పురుగును లోలోపల దినుచు బెరుగును. పురుగు సీతాకోకచిలుక కావలసిన దినమున దానినుండి ఈగ వెలువడును. వీనిని పరాన్నజీవు లందురు. కంటి కానని సూక్ష్మజీవులవలన పురుగులకు వచ్చు తెగుళ్లును గలవు.

1960వ సంవత్సరపు వ్యాసమున నా శాస్త్రజ్ఞు లిచ్చిన సమాధాన మిదియే: లోకము పచ్చగా నుండుటకు గారణము, ఆకు దినువానిని దినువారు కావలి కాచుచుండుటయే. ఆకులలోని చేదును వగరును గూడ లోకమును గాపాడుచున్నవని తరువాతివారు వాదించిరి. రెండును నిజమే. కాని కావలివారిని తొలగించి చూచినగాని వారి విలువ యెంతో తెలియదు. అడవిలోనుండి వారి నెవ్వరు తొలగింపగలరు? ఎవ్వరును బుద్ధిపూర్వకముగ జేయని యా పని, అడవులు తునుకలగుటవలన దానంతట నదియే జరిగినది.

అడవి తునుక యనగా నేమి?

ఒక పెద్ద యడవిలో నడుమ రోడ్డు పడును. ఒకవైపున చేను, మఱియొకవైపున తోట, ఇంకొకవైపున గని, జలాశయము వెలయును. మిగిలిన యడవి యచ్చటచ్చట దీవులవలె నిలుచును. మొత్తము నూఱెకరములలో డెబ్బది మిగిలినచో ముప్పదియే నష్టమని మనము లెక్క వేయుదుము. కాని పెద్ద కంబళిని నలుబది ముక్కలు చేసి, వానిలో నిరువదియెనిమిదింటిని దాచుకొన్నచో ఎవ్వరికి జలి తీఱును? అడవియు నట్టిదే. తునుక యొక్క యంచున నెండ సోకును, గాలి కొట్టును, నేల యెండిపోవును. లోపలి చీకటికిని చల్లదనమునకును అలవాటుపడిన జీవములు అంచున నిలువలేవు. తునుక చిన్నదగుకొలది అంచు పాలు హెచ్చి లోపలి పాలు తగ్గును. లోకమున మిగిలియున్న యడవులలో సుమారు 70 శాతము అంచునకు ఒక్క కిలోమీటరు లోపలనే యున్నదని 2015లో బ్రకటింపబడిన యొక లెక్క తెలుపుచున్నది.

ఈ సంగతిని శాస్త్రరీతిని పరిశీలించుటకై 1979లో బ్రెజిల్ దేశమున మనౌస్ నగరమునకు ఉత్తరమున నొక గొప్ప ప్రయత్న మారంభమైనది. థామస్ లవ్‌జాయ్ అను శాస్త్రజ్ఞుడు దానికి మూలపురుషుడు. పశువుల మేతకై యడవిని నఱకబోవు వారితో మాట్లాడి 1 హెక్టారు, 10 హెక్టారులు, 100 హెక్టారుల తునుకలను విడిపించి, నఱకుటకు ముందును తరువాతను వానిలోని జీవములను లెక్కించిరి. ఒక హెక్టారనగా సుమారు రెండున్నర యెకరములు. తునుక యెంత చిన్నదో, దానిలోని జీవజాతులు అంత వేగముగ దొలగిపోవుచున్న వని వారు కనుగొనిరి.

నీటి నడుమ కొండలు

మన నాగార్జునసాగరమున నాగార్జునకొండను జూచిన వారికి ఈ క్రింది కథ సులభముగ బోధపడును. ఆనకట్ట కట్టగా లోయలు నీట మునిగి, కొండశిఖరము దీవియై నిలిచిన చోటది. దక్షిణ అమెరికాయందలి వెనిజులా దేశమున కరోనీ నదిపై గూరీ యను ఆనకట్ట కట్టిరి. 1986 నాటికి నీరు పూర్తిగా నిండి, 4,000 చదరపు కిలోమీటర్లకు మించిన జలాశయ మేర్పడినది. అడవి కొండల శిఖరములు వందలకొలది దీవులైనవి. కొన్ని యొక హెక్టారు మాత్రమే. కొన్ని వందల హెక్టారులు గలవి.

చిన్న దీవులలో పెద్దపులివంటి జాగ్వారు నిలువలేదు. ప్యూమా నిలువలేదు. గ్రద్దజాతి పెద్దపక్షులకు జాలిన వేట దొరకలేదు. బారులు దీరి నడచుచు దొరికిన పురుగు నెల్ల దిను దండుచీమలు మాయమైనవి. మన అలుగును పోలి, ఒంటిపై పెంకు గలిగి, చీమల పుట్టలను ద్రవ్వు ఆర్మడిల్లో యను జంతువును అచ్చట లేకపోయెను. మిగిలిన వెవ్వరనగా: ఊళలు పెట్టు కోతులు, మన యుడుమును పోలిన ఇగ్వానాలు, ఆకులు గోయు చీమలు. ఇవి యన్నియు ఆకుపై బ్రదుకునవే, అందును బహుభక్షకములు.

ఆకుగోయు చీమల మాట మన దేశమువారికి వింతగా దోచును. ఇవి యాకులను దినవు. కత్తెరవంటి దవడలతో నాకును ముక్కలుగా గోసి, గొడుగువలె నెత్తిపై బెట్టుకొని, బారులుగా నేలలోని పుట్టకు మోసికొనిపోవును. అచ్చట నాకులను నమిలి పదును చేసి, దానిపై నొక విధమగు శిలీంధ్రమును బెంచి, ఆ పంటతో దమ పిల్లలను బోషించుకొనును. మానవుడు సేద్యము నేర్చుటకు బహుకాలము ముందే సేద్యము నేర్చిన జీవములివి. ఒక పెద్ద పుట్టలో లక్షలకొలది చీమలుండును.

జాన్ టెర్‌బోర్గ్ అను శాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును ఈ దీవులను సంవత్సరముల తరబడి పరిశీలించి 2001లో ఫలితములను బ్రకటించిరి. వేటజంతువులు లేని దీవులలో ఆకులు తినునవి, గింజలు తినునవి ప్రక్క నేలమీది యడవికంటె 10 నుండి 100 రెట్లు దట్టముగ నున్నవి. వీరితో గలసి పనిచేసిన మధూ రావు అను శాస్త్రజ్ఞురాలు ఆకుగోయు చీమల పుట్టలను ప్రత్యేకముగ బరిశీలించి, చిన్న దీవులలో నవి దట్టమగుటకు వాని శత్రువులు లేమి కారణము కావచ్చునని 2000వ సంవత్సరమున వ్రాసినది. ఈమె 2021లో ప్రపంచ రక్షితప్రదేశముల సంఘమునకు అధ్యక్షురాలైనది. అడవిలో చీమపుట్టలను లెక్కపెట్టిన స్త్రీ ప్రపంచమునందలి యభయారణ్యముల క్షేమమును విచారించు పదవి నధిష్ఠించుట మనకు సంతోషింపదగిన విషయము.

ఇక చెట్ల మాట. దూరమునుండి చూచిన వానికి ఆ దీవులు పచ్చగానే యుండెను. పెద్ద చెట్లు నిలిచియే యుండెను. కాని క్రిందికి దిగి చూడగా లేత మొక్కలు కఱవై యుండెను. 1997లో చిన్న దీవులందలి చిన్న మొక్కలు, వేటజంతువులు గల చోట్లతో బోల్చగా 37 శాతము మాత్రమే. 2002 నాటికి 25 శాతమునకు దిగిపోయెను. అమ్మమ్మలు, తాతలు మాత్రము మిగిలి, పసిబిడ్డ యేడ్పు వినబడని గ్రామము నూహింపుడు. వీధులున్నవి, ఇండ్లున్నవి, పొయ్యి రాజుచున్నది. ఐనను ఆ గ్రామము బ్రదుకుచున్న దని యెవ్వ రనగలరు? అడవి తునుకలోని పచ్చదనమును జూచి మోసపోగూడ దనుట కిదియే కారణము. చెట్టు మనకంటె నెక్కువకాలము బ్రదుకును. కావున దాని మరణమును మనకంటె మెల్లగా బయటపెట్టును.

చిన్న యీగకు పెద్ద దూరము

వేటజంతువు లనగా పులులే కానక్కరలేదు. కెనడా దేశపు టడవులలో ఆస్పెన్ అను చెట్టున్నది. దానిపై నొక గొంగళిపురుగు గుంపులు గుంపులుగా వచ్చి పడును. కొన్ని సంవత్సరముల కొకసారి యీ పురుగు విజృంభించి, మైళ్లకొలది యడవిని బోసి చేయును. కొన్ని యేండ్లకు దానంతట నదియే శాంతించును. జెన్స్ రోలండ్ అను శాస్త్రజ్ఞుడు ఒంటారియో రాష్ట్రమున నీ విజృంభణలను బరిశీలించి, అడవి ఎచ్చట నెక్కువ తునుకలై యంచులు హెచ్చియున్నదో అచ్చట పురుగుపోటు ఎక్కువ యేండ్లు నిలుచుచున్నదని 1993లో జూపెను.

కారణము లేమి? అంచులందు ఎండ యెక్కువ. ఆ యెండ వలన పురుగులకు మారకమగు తెగులు అంచున దగినంత వ్యాపింపదని తరువాత దేలినది. మఱియు ఈ గొంగళిని లోపలినుండి తిను పరాన్నజీవులు నాలుగింటిని 1997లో బరీక్షింపగా, అడవి తునుక లగుటను ఒక్కొక్కటి యొక్కొక్క కొలతతో గుర్తించుచున్నట్లు తెలిసినది. ఆ కొలత యా జీవముల దేహపరిమాణమును బట్టి యుండెను. మనము నాలుగడుగులలో దాటు కాలువ చీమకు సముద్రము గదా! అట్లే పెద్ద రెక్కలు గల యీగకు లెక్కలోనికి రాని యెడము చిన్న యీగకు దాటరాని దగును.

ఈ సంగతినే జర్మనీ దేశమున క్రూస్, చార్ంట్కే అను నిరువురు వేఱొక విధమున బరీక్షించిరి. వారు ఎఱ్ఱపూల క్లోవరు అను మేతమొక్కను చిన్నచిన్న మడులుగా, పాత పచ్చికబయళ్లకు దగ్గఱగను దూరముగను నాటిరి. దూరపు మడులకు ఆ మొక్కను దిను పురుగులు కొన్ని వచ్చి చేరెను. వాని పరాన్నజీవులు మాత్రము వెనుకబడెను. ఏకాంతమున నున్న మడులలో పరాన్నజీవుల పాల బడిన పురుగులు, దగ్గఱి మడులతో బోల్చగా 19 నుండి 60 శాతము మాత్రమే యని 1994లో వారు ప్రకటించిరి. ఇల్లు మాఱినప్పుడు దొంగ ముందు వచ్చి, కావలివాడు వెనుక వచ్చినట్లున్నది.

మఱియొక వైపు

ఇంతవఱకు జదివిన సోదరీమణులు, అడవి తునిగిన ప్రతిచోటను పురుగులు పెరిగిపోవు నని తలంపవచ్చును. అది సగము సత్యమే. మెక్సికో దేశమున లోస్ తుస్త్‌లాస్ అను ప్రాంతపు వానయడవిని బరిశీలించిన వారు 2010లో దీనికి విరుద్ధమైన ఫలితమును బ్రకటించిరి. అచ్చట చిన్న తునుకలలో పురుగులు తిను ఆకుపాలు తగ్గినది.

ఈ వైరుధ్యమునకు తాళపుచెవి మొదటనే చెప్పియుంటిని. శత్రువులు లేని చోట బహుభక్షకములు పెరుగును. కాని ఒక్క చెట్టును నమ్ముకొనిన ఏకాశ్రయముల గతి వేఱు. తునుకలో వాని చెట్లు నాలుగైదే మిగులును. అవియు నొకదానికొకటి దూరమగును. తల్లి సీతాకోకచిలుక వెదకి వెదకి యాకు గానక గ్రుడ్లు మోసికొనియే చచ్చును. ఒక యేటి యెండవలన నాలుగు చెట్ల పురుగులును నశించినచో, మఱల వచ్చి చేరుటకు ప్రక్క యడవి లేదు.

ఆకు తినువారు తగ్గిన చెట్టునకు మేలే కదా యని యడుగవచ్చును. ఒక్క చెట్టునకు మేలు, అడవికి గీడు. ఎట్లన: మాను క్రింద దాని గింజలే రాశిగా బడును. ఆ జాతినే నమ్ముకొనిన పురుగులును తెగుళ్లును ఆ మాను క్రిందనే దట్టముగ నుండి, మొలకెత్తిన దాని బిడ్డలలో ననేకములను దిని వేయును. దానివలన పరజాతుల మొక్కలకు అచ్చట జోటు దొరకును. మామిడి నీడ నేరేడును, నేరేడు నీడ మద్దియు బ్రదుకును. వానయడవులలో నన్ని జాతుల చెట్లు కలసి మెలసి యుండుటకు ఇది యొక కారణమని డేనియల్ జాన్‌జెన్ 1970లోను, జోసెఫ్ కానెల్ 1971లోను వేఱువేఱుగా దెల్పిరి. పురుగు లిచ్చట పంపకము చేయు పెద్దమనుష్యులవంటివి. బలవంతుడు నేలయంతయు నాక్రమింపకుండ నడ్డుపడుచున్నవి.

ఈ సిద్ధాంతమును మన దేశముననే, పడమటి కనుమల యడవులలో, మేఘనా కృష్ణదాస్ అను శాస్త్రజ్ఞురాలు సహచరులతో గలసి పరీక్షించినది. ఈమె తరువాత హైదరాబాదునందలి సి.సి.ఎం.బి. పరిశోధనాలయమున జేరినది. అడవి యంచునకు వేఱువేఱు దూరములలో వీరు మడులు కట్టి, కొన్నింటిలో పురుగులను దెగుళ్లను జంపు మందులు చల్లి, కొన్నింటిని యథాతథముగ విడిచిరి. అంచుకడను లోపలను రాలిన గింజల జాతివైవిధ్య మొక్కటిగానే యుండెను. 90 నుండి 100 మీటర్ల లోపలి మడులలో మందు చల్లగానే మొక్కల జాతులు తగ్గిపోయెను. అనగా నచ్చట పురుగులును తెగుళ్లును తమ పంపకమును జేయుచుండెను. మందు దానిని జెఱచెను. అంచుకడ మందు చల్లినను చల్లకున్నను భేదము లేదు. అనగా నచ్చట పంపకము చేయువారు ముందే బలహీనులై యుండిరి. ఈ ఫలితములు 2018లో ప్రకటితమైనవి. చెట్లు నిలిచియే యున్నవి, గింజలు రాలుచునే యున్నవి. వాని నడుమ జరుగవలసిన వ్యవహారము మాత్రము కంటికి గనబడకుండ నిలిచిపోయినది. గొడ్డలి వేటు కనబడును. ఈ నష్టము కనబడదు.

కావున అడవి తునిగిన చోట చెట్టున కిరువైపులను ప్రమాదమే. ఆకు తినువారు మితిమీఱినచో బిడ్డలు దక్కవు. మితి దప్పి తగ్గినచో నొకరిద్దఱి బిడ్డలే యడవి నాక్రమింతురు.

మేడిపండులోని పురుగు

అన్ని పురుగులును ఒక్కరీతిగ నష్టపడవు. మేడిపండులో పురుగులుండు నను సంగతిని మనవారు లోపలి కుళ్లునకు దృష్టాంతముగ జెప్పుదురు. వాస్తవమున నా పురుగులే మేడిచెట్టు వంశమును నిలుపుచున్నవి. మేడి, మఱ్ఱి, రావి – ఈ జాతి చెట్ల పూవులు కాయ లోపల దాగియుండును. ఒక చిన్న కందిరీగ కాయ కన్నములోనుండి లోనికి దూఱి, తాను దెచ్చిన పుప్పొడిని పూవులకు అంటించి, కొన్ని పూవులలో గ్రుడ్లు పెట్టును. దాని పిల్లలు కొన్ని గింజలను దినును; మిగిలిన గింజలు చెట్టునకు దక్కును. పెక్కు జాతులలో ఒక్కొక్క చెట్టునకు దాని కందిరీగ వేఱు. ఆ కందిరీగ లేనిదే గింజ లేదు.

ఇంత చిన్న యీగ తునుకనుండి తునుకకు ఎట్లు పోగలదు? గాలి మోసికొని పోవును. ఆఫ్రికాయందలి నమీబియా యెడారిలో నొక జాతి మేడిచెట్లను బరిశీలించి, ఈ కందిరీగలు 160 కిలోమీటర్ల దూరమునకు గూడ పుప్పొడిని జేర్చుచున్నవని 2009లో దెల్పిరి. కావుననే ఊరి నడుమ నొంటిగా నిలిచిన రావి, గుడి ముందరి మఱ్ఱి గింజలను గట్టి పక్షులకు విందు చేయుచున్నవి. మన పూర్వస్త్రీలు ప్రదక్షిణములు చేసి కాపాడిన చెట్లు ఒంటరితనమును గొంతవఱకు సహింపగలవి యగుట మన భాగ్యము. అన్ని చెట్లకు నీ భాగ్యము లేదు.

పురుగే జీవనాధారమైన చోట

తెలంగాణమున మహదేవపూరు, చెన్నూరు ప్రాంతములయందు అడవినే పట్టుపురుగుల యిల్లుగా జేసికొని బ్రదుకు కుటుంబములు గలవు. దసలి పట్టుపురుగు నల్లమద్ది, తెల్లమద్ది ఆకులను దిని కాయ కట్టును. మల్బరీ పురుగువలె దీనిని యింటిలో తట్టలలో బెంచరు. చెట్లపైననే విడిచి కావలి కాయుదురు. పిట్టలను, కందిరీగలను, చీమలను తోలుచుందురు. పురుగుమేనిపై గ్రుడ్లు పెట్టు ఊజీ యీగ వీరికి బద్ధశత్రువు. పెరటి నిమ్మచెట్టున మనకు మిత్రమైన పరాన్నజీవి, మద్దిచెట్టున వీరికి శత్రువైనది. మిత్రుడు, శత్రువు అను పేర్లు మన యవసరమునుబట్టి మన మిడునవి. అడవికి ఆ పేర్లు లేవు. దానికి గావలసినది ఆకు, పురుగు, పురుగును దినువాడు – ఈ మువ్వురును దగిన పాళ్లలో నుండుటయే. మద్దిచెట్లు నఱకబడి యచ్చటొకటి యిచ్చటొకటి మిగిలినచో, పురుగును లేదు, ఆ కుటుంబముల జీవనమును లేదు. పెండ్లిపేటికలోని దసలిపట్టు చీర యొక మద్ది యడవిని మోసికొని వచ్చినదని మనము మఱవరాదు.

మన చేతిలోని పని

ఆనకట్టలు, రహదారులు, గనులు మన వంటయింటిలో నిర్ణయింపబడునవి కావు. ఐనను గృహిణి చేయదగిన పనులు లేకపోలేదు.

మొదటిది, ఆకు కొఱకబడిన వెంటనే విషపు మందును చల్లకుండుట. మందు చల్లగా పురుగుతోపాటు దానిని దిను కందిరీగయు జచ్చును. పురుగు మఱల త్వరగా వచ్చును. కందిరీగ యాలస్యముగ వచ్చును. జర్మనీ మడులలో జరిగినదే మన పెరటిలోను జరుగును. కరివేపచెట్టుపై పురుగు లెక్కువైనచో చేతితో నేరి, ప్రక్కనున్న మారేటిపైననో ముదురు నిమ్మకొమ్మపైననో విడువవచ్చును.

రెండవది, పెరటిలోను కంచెవెంటను స్థానికములైన మొక్కలకు జోటిచ్చుట. జిల్లేడు, ఈశ్వరి తీగ, మారేడు, కరివేప, నిమ్మ – వీనిలో ఒక్కొక్కటియు నొక్కొక్క సీతాకోకచిలుక పుట్టినిల్లు. పెరడు అడవి కాజాలదు. కాని రెండు తునుకల నడుమ పయనించు జీవమునకు పెరడు, కంచె, చెఱువుగట్టు, చింతతోపు, గుడితోట విడిది కాగలవు. పొలము చదును చేయుటకై కంచెలోని ముదురు చెట్టును గొట్టబోవునప్పుడు ఇంటిలో నొక మాట యడ్డము చెప్పుట యిల్లాలికి సాధ్యమే.

మూడవది, బిడ్డలకు జూపుట. ఆకు క్రింది గ్రుడ్డును, పిట్టరెట్టవంటి పురుగును, కదలని కోశమును, దానినుండి సీతాకోకచిలుకకు బదులు ఈగ వెలువడిన నాటి యాశ్చర్యమును ఒక్క నెలలో నొక్క చెట్టుపైన జూపవచ్చును. ఇట్లు చూచిన బిడ్డ పెద్దయై గ్రామసభలోనో, కచేరీలోనో, శాసనసభలోనో కూర్చున్ననాడు, "అడవి డెబ్బదిపాళ్లు మిగులుచున్నది గదా" యని యెవ్వరైన ననినచో, "ఎన్ని ముక్కలుగా?" అని యడుగును.

అడవులను గుఱించి మనము నేర్వవలసిన ప్రశ్న యది యొక్కటే. ఎంత మిగిలినది అను లెక్కతో దృప్తి పడక, మిగిలినది యొకదానితో నొకటి కలసియున్నదా, దానిలో పసిమొక్కలు తల యెత్తుచున్నవా యని యడుగవలెను. బోసియైన కొమ్మను జూచి భయపడ నక్కరలేదు. అది మఱల జిగిర్చును. పిల్లమొక్క లేని పచ్చని యడవిని జూచినప్పుడు మాత్రము భయపడవలెను.